బెంగ అన్న మాట దగ్గర మొదలుపెడదాం

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఊరొదిలి వెళ్ళిన మనిషి గురించి ఇంట్లోవాళ్ళు డిప్రెషన్ అనరు. "బెంగెట్టేసుకున్నాడండి" అంటారు. వెళ్ళినవాడు ఫోనులో "ఏటో గుండిల బరువుగున్నాది, నిద్దర రాట్లేదు" అంటాడు. ఆ మాట వెనక ఉత్త బెంగే ఉండొచ్చు, మందు కావలసిన జబ్బు ఉండొచ్చు, అప్పిచ్చినవాడి వేధింపు ఉండొచ్చు. ఏదుందో తేలాలంటే ఆ మాటనే పట్టుకుని అడగాలి. దాన్ని పక్కకి నెట్టి మనం ఒక రోగం పేరు తగిలిస్తే ఆ మనిషి రెండోసారి మన గడప తొక్కడు.

ఆశా కార్యకర్తలు, సంఘాల ఆడవాళ్ళు, మత్స్యకార పెద్దలు, పాస్టర్లు, గల్ఫ్ గదుల్లో తోటివాళ్ళని కనిపెట్టుకునే పెద్దమనసున్న కుర్రాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. డాక్టరు దగ్గరికి చేరకముందు జరిగే సాయమంతా మీ చేతుల్లోనే ఉంది.

మన వైపు ముసలివాళ్ళ నోట "రంగం" అంటే రంగూన్. ఓడెక్కి బర్మా వెళ్ళిన కూలీలు 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో, కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. 1962లో అక్కడ సైనిక పాలన వచ్చి, 1964లో కొట్లు ప్రభుత్వం చేతికి పోయాక ఇంకో విడత జనం కట్టుబట్టలతో దిగారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలిందే. కాబట్టి శరణార్థి అంటే మనకి పేపర్లో చదివిన మాట కాదు, తాత కథ. ఇప్పుడు రంగం బదులు గుజరాత్‌లో వెరావల్ బోట్లు, ఒడిశాలో పారాదీప్, పూరీ పెంఠకటా, దుబాయ్, కువైట్, చెన్నై కట్టడాలు. తేడా కూడా చెప్పుకోవాలి. శరణార్థికి వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. వలసకూలీకి దారి తెరిచే ఉంటుంది గానీ అప్పు దానికి అడ్డంగా కూర్చుంటుంది. అందుకే శరణార్థుల కోసం ప్రపంచం తయారుచేసిన పద్ధతులు మనకీ పనికొస్తాయి, కొలత మార్చి కుట్టించుకుంటే.

జింబాబ్వేలో 2006 నుంచి ఆసుపత్రి ఆవరణలో బెంచీ వేసి, శిక్షణ పొందిన అమ్మమ్మలు కూర్చుని జనం గోడు వింటున్నారు. వాళ్ళు రోగం పేరు వాడరు. షోనా భాషలో "కుఫుంగిసిసా" అంటారు, అంటే ఆలోచన ఎక్కువైపోవడం. మన బెంగకి అది దగ్గరి చుట్టమే. మనకీ ఇలాంటి మాటలు తక్కువేం లేవు: దడ, నలత, గాలి సోకడం, దిష్టి, చిల్లంగి (చేతబడి). అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో రోగి సంస్కృతిని తెలుసుకోవడానికి 16 ప్రశ్నల పట్టిక ఇచ్చింది. దాన్ని మన ఇళ్ళకి సరిపోయేలా మార్చుకుంటే నాలుగు ప్రశ్నలు. "మావా, దీన్ని మీ ఇంట్లో ఏటంటారు? ఎప్పుటినుంచి? దేనివల్ల వచ్చిందనుకుంటన్నావు? ఇప్పటిదాకా ఎవుల దగ్గరికెళ్ళావు, ఏటి చేస్తే కాస్త తెరిపిచ్చింది?" చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. డాక్టరుకి పంపే చీటీ మీద కూడా ఆయన మాటే ముందు రాయండి, మీ అనుమానం దాని కింద.

చిల్లంగి అన్న మాట వస్తే మాత్రం జాగ్రత్త. ఎవరు పెట్టారని పొరపాటున కూడా అడగొద్దు. ఆ ప్రశ్నకి జవాబుగా ఒక మనిషి పేరు వస్తుంది, ఆ పేరు ఊరంతా పాకుతుంది. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన ఏజెన్సీలో ఉన్నాయి. ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇటువైపే మాట నడపండి. ఎజ్జోడి (నాటువైద్యుడి) దగ్గరికో గుడికో వెళ్తానంటే వద్దనకండి. దెబ్బలు, ఉపవాసం, వేసుకుంటున్న మాత్రలు ఆపించడం, గొలుసు, ఈ నాలుగూ లేకపోతే ఆ వైద్యమూ ఈ వైద్యమూ పక్కపక్కనే నడవొచ్చు.

ఒళ్ళు చెప్పే మాటని కొట్టిపారెయ్యకండి. "ఆయాసం, నీరసం, ఆకలి లేదు" అన్న ప్రతివాడికీ మనసు బాలేదని తేల్చెయ్యడం మన జిల్లాలో పెద్ద తప్పు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు, ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు కూడా. కిడ్నీ దెబ్బతిన్నవాడికీ నిద్ర పట్టదు, రక్తం తక్కువైన ఆడమనిషికీ గుండె దడే. పరీక్షలు బావున్నా గుండెల్లో బరువు తగ్గకపోతే అప్పుడు మనసు వైపు చూడాలి. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

కుంగుబాటు ఎంతుందో కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం వాడతారు. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని అడుగుతుంది. మొత్తం 27 మార్కులు, 10కి చేరితే డాక్టరుకి చూపించాలి, 20కి చేరితే ఆలస్యం వద్దు. ఈ కాగితం మన దగ్గర చెడిపోయేది "సగానికి పైగా రోజులు" అన్న చోట. చదువు లేని మనిషికి అది లెక్కకి అందదు, మొహమాటానికి "ఆఁ, ఉన్నాదిలెండి" అనేస్తాడు. 14 జీడిపిక్కలు నేల మీద పొయ్యండి. "ఇవి గడిచిన పద్నాలుగు రోజులు. నిద్దర పట్టని రోజులెన్నో పక్కకి తియ్యి చిన్నాన్నా." ఒకటి తీసినా ఏమీ తియ్యకపోయినా సున్నా, 2 నుంచి 6 దాకా ఒకటి, 7 నుంచి 11 రెండు, 12 నుంచి 14 మూడు. ఒక్కో ప్రశ్నకీ మళ్ళీ కుప్పలో కలిపి మొదటినుంచి తీయించాలి. నోరు విప్పనివాళ్ళు కూడా చేత్తో చెప్పేస్తారు. పిక్క తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టేస్తే ఆగండి. చెప్పాలా వద్దా అని ఆయన తూచుకుంటున్నది ఆ క్షణంలోనే.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయంతో దాన్ని దాటేసేవాళ్ళు చాలామంది. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. సూటిగా అడగండి: "చచ్చిపోతే బావుణ్ణనిపిస్తందా? ఎలాగని ఆలోచించావా?" ఎలాగో కూడా చెబితే ఆ రాత్రి ఆ మనిషి ఒంటరిగా పడుకోకూడదు. ఇంట్లో పురుగుల మందు, ఎలుకల మందు, మాత్రల డబ్బా అన్నీ వేరే ఇంటికి పంపాలి. చూరులో దాచడం చాలదు, దాచిన చోటు అందరికీ తెలుసు. 14416కి ఫోను చెయ్యండి. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా తాగేస్తే 108. వాంతి చేయించాలని ఉప్పునీళ్ళు పట్టకండి, డబ్బాని మాత్రం వెంట తీసుకెళ్ళండి. కేసవుతుందని ఆసుపత్రి మానెయ్యడం మన దగ్గర ప్రాణాలు తీస్తున్న భయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను ప్రకారం, అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం అనుకుంటుంది, శిక్ష వెయ్యదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెడుతుంది. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను స్థానంలో అలాంటిది 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో లేదు. పోలీసులు ఆసుపత్రిలో వివరాలు రాసుకోవచ్చు, దానికి బెదిరిపోవద్దు.

ఇక తీరం సంగతి. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనిచేస్తూ పాకిస్తాన్‌కి పట్టుబడిన మన జాలర్లు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ ఏడాది పైచిలుకు ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా గడిపారో వాళ్ళకే తెలుసు. ఇలాంటి ఇంటికి సాయం చెయ్యాలంటే క్యాలెండరు చూసుకోవాలి. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశంవాళ్ళ జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ తేదీలకి ముందు వారం ఆశ, తర్వాతి వారం కుంగుబాటు. జాబితాలో పేరుంటే విడుదల అనుకుంటారు. కాదు, మనిషి అక్కడ ఉన్నాడని ఒప్పుకోవడం మాత్రమే. ఈ తేడా ముందే నెమ్మదిగా చెప్పి, జనవరి, జులై రెండో వారంలో తప్పకుండా ఇంటికెళ్ళండి. టీవీవాళ్ళు పోయాక కనిపించిన మనిషినే ఆ ఇల్లు నమ్ముతుంది. విడుదలై వచ్చినవాణ్ణి మొదటి రోజే దండలేసి మైకు ముందు నిలబెట్టకండి. జైల్లో ఏం జరిగిందో పది మంది పదిసార్లు అడిగి చెప్పించుకోవడం వైద్యం కాదు. వివరాలు తవ్వి చెప్పించడం మేలు చెయ్యదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన తొలి మానసిక సాయం పుస్తకం కూడా అంటుంది. చూడు, విను, కలుపు, ఆ పుస్తకం చెప్పేది ఈ మూడే. తిండి, నిద్ర, తనవాళ్ళ మధ్య కూర్చోవడం, రేషను కార్డూ బ్యాంకు పుస్తకం సరిచేయించడం, మొదటి వారానికి ఇంతే చాలు. నెల దాటాక కూడా జైలు కలలు, ఉలికిపాటు, ఇల్లు కదలకపోవడం తగ్గకపోతే డాక్టరు.

వేటకెళ్ళి తిరిగి రాని మనిషి ఇల్లు ఇంతకన్నా కష్టం. శవం లేదు, కబురు లేదు. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు దీనికి తేలని నష్టం అనదగ్గ పేరు పెట్టి దశాబ్దాలపాటు పనిచేశారు. ఈ దుఃఖానికి ముగింపు వెతకకూడదన్నది ఆమె మాట. "పోయాడని ఒప్పేసుకో" అనొద్దు, "తప్పకుండా వస్తాడు" అనీ అనొద్దు. "వదినా, ఉన్నాడో లేడో మనకి తెలీదు. తెలీకుండానే ఈ నెల ఎలా గడుపుదామో చూద్దాం" అనండి. బొట్టూ గాజుల సంగతి ఊరు తేల్చకూడదు, ఆమె తేల్చుకోవాలి. అత్తగారు ఒకటీ పుట్టింటివాళ్ళు ఒకటీ అంటుంటే ఇద్దర్నీ వేర్వేరుగా కూర్చోబెట్టి మాట్లాడండి. చట్టం లెక్కలో ఏడేళ్ళు కబురు లేకపోతేనే మరణంగా భావిస్తారు, అందుకని మొదటి రోజే పోలీసు ఫిర్యాదు, మత్స్యశాఖకి దరఖాస్తు రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితం లేక ఏడేళ్ళ లెక్క ఎక్కడ మొదలైందో నిరూపించలేని ఇల్లు పరిహారమూ పోగొట్టుకుంటుంది, మనశ్శాంతీ పోగొట్టుకుంటుంది.

గల్ఫ్‌లో ఉన్నవాడితో మాట్లాడటానికి వేళ ముఖ్యం. సౌదీ, కువైట్, ఖతార్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. మనం రాత్రి భోంచేసి ఫోను చేసేసరికి ఆయన గదిలో ఎనిమిది మందితో వంట దగ్గర ఉంటాడు. అందరి ముందూ "బాగున్నాను" తప్ప ఇంకో మాట రాదు. ముందు మెసేజి పెట్టి, వారపు సెలవు రోజున, బయట నడుస్తూ మాట్లాడమనండి. వీడియో వద్దు, మొహం చూపించాల్సి వస్తే మగవాడు గట్టిగా ఉన్నట్టు నటిస్తాడు. మొదటి ప్రశ్న మనసు గురించి కాకూడదు: "జీతం పడిందా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? అన్నం ఎవరొండుతన్నారు?" ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మానసిక సాయాన్ని నాలుగు మెట్లుగా గీశారు. అడుగు మెట్టు భద్రత, తిండి, గూడు. తర్వాత ఇల్లూ ఊరూ, ఆపై శిక్షణ పొందిన మామూలు మనుషుల సాయం, అన్నిటికన్నా పైన డాక్టరు. మూడు నెలలు జీతం ఆగినవాడికి శ్వాస వ్యాయామం నేర్పడం పై మెట్టు మీంచి నిచ్చెన వెయ్యడమే. జీతం, పాస్‌పోర్టు గొడవలకి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఇక్కడినుంచి ఇంటివాళ్ళే ఫిర్యాదు పెట్టొచ్చు. యూఏఈలో ఉంటే భారతీయుల సహాయ కేంద్రానికి 80046342 ఉచితం. గల్ఫ్ సిమ్ము మీంచి 14416 కలుస్తుందని ఆశ పెట్టుకోకండి.

ఇటు ఇంటి వైపు కూడా చూడాలి. దూరాన ఉన్నవాడి బెంగలో సగం ఇంటినుంచి వెళ్ళేదే. రోజూ ఫోను చేసి వడ్డీ లెక్కలూ అత్తాకోడళ్ళ తగాదాలూ చెబితే ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు, నిద్ర మాత్రం పోతుంది. అలాగని అన్నీ దాచి, నాన్న పోయిన సంగతి కర్మ అయ్యాక చెప్పడం ఇంకా అన్యాయం. వారంలో ఒక రోజు డబ్బు మాట, మిగతా రోజులు పిల్లల మాట, ఇలా ఇంటివాళ్ళతో ఒప్పందం చేయించండి. చాలా ఇళ్ళల్లో ఇది నిలుస్తుంది.

ఆ డబ్బు మాటకి ఒక దారి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే పద్ధతిని డాక్టర్లు కానివాళ్ళు నేర్చుకుని చెయ్యొచ్చు. అయిదు వారాలు, వారానికొకసారి, ఒక్కో విడత గంటన్నర. ఊపిరి నెమ్మదించడం, సమస్యని విడగొట్టడం, మానేసిన పనులు మళ్ళీ మొదలుపెట్టడం, మనుషుల్ని కలుపుకోవడం, ఈ నాలుగూ నేర్పుతారు. ఊపిరికి చెయ్యి బొడ్డు మీద పెట్టించి, మూడు లెక్కపెడుతూ పీల్చి, మూడు లెక్కపెడుతూ వదిలించాలి. జైలో సముద్రమో చూసొచ్చినవాడికి కళ్ళు మూసుకోమనకండి, మూస్తే అదే కనిపిస్తుంది. గోడ మీద ఒక చుక్క చూడమనండి. సమస్య విడగొట్టడం ఇలా: లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి 4,500 వడ్డీకే పోతుంది, ఏడాదికి 54,000. ఈ అంకె కాగితం మీద పడగానే "అప్పు" అనే పెద్ద చీకటి మూడు పనులవుతుంది. పొదుపు సంఘం అప్పుతో దీన్ని మార్చగలమా, అసలులో ఎంత తీర్చొచ్చు, వడ్డీవాడితో మాట్లాడటానికి ఎవరు తోడొస్తారు. ఒక వారానికి ఒకే పని. ఇవన్నీ మనమే చేసిపెట్టెయ్యాలనిపిస్తుంది, ఆపుకోవాలి. ఫోను ఆయనే చెయ్యాలి, మనం పక్కన కూర్చోవాలి. ఈ పద్ధతి దెబ్బతినేది ఒక్కరోజు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్టు పంచి వదిలేసినచోట. వారంవారం కార్యకర్తల గోడు వినే ఒక నిపుణుడు లేకపోతే మూడో నెలకి కార్యకర్తలే అలిసిపోయి మానేస్తారు.

మందుల సంగతి వివరంగానే చెప్పాలి. కుంగుబాటు మాత్రలు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, కంగారు ఉండొచ్చు, చాలామంది అక్కడే ఆపేస్తారు. బాగున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆర్‌ఎంపీ ఇచ్చే ఆల్ప్రజోలం నిద్ర పట్టిస్తుంది, కొన్ని వారాల్లో అది లేకపోతే నిద్రే పట్టని స్థితి వస్తుంది. మనసు ఒకసారి పొంగి ఒకసారి కుంగే జబ్బుకి ఇచ్చే లిథియం వాడేవాళ్ళు చెమట పట్టే పనికి వెళ్తే, వాంతులూ విరోచనాలూ అయితే, నీళ్ళు తక్కువ తాగితే, డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కలిపితే మందు రక్తంలో పేరుకుపోతుంది. చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి. లిథియం బయటికి పోయేది కిడ్నీల ద్వారానే కాబట్టి ఉద్దానం మనిషికి ఈ మందు రాసేముందు మీ ఊరి పేరు డాక్టరుకి తప్పకుండా చెప్పండి. గల్ఫ్ వెళ్ళేవాడి సంచిలో ట్రమడాల్, ఆల్ప్రజోలం, కొడీన్ దగ్గు మందు ఉంటే జైలు దాకా వెళ్ళొచ్చు. తప్పని మాత్రలకి మందు అసలు పేరుతో ఇంగ్లీషులో రాసిన డాక్టరు లేఖ, కొన్న పెట్టె, చీటీ వెంట ఉండాలి. యూఏఈకి నియంత్రిత మందులైతే అక్కడి ప్రభుత్వం దగ్గర ముందుగానే అనుమతి తీసుకోవాలి.

మన దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇటుకల బట్టీలకి ఒడిశా కుటుంబాలు, కొండ దిగొచ్చిన సవరలు. వందేళ్ళ కిందట గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో మాట్లాడటానికి సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టారు. మనం అంత చెయ్యక్కర్లేదు, ఒక మంచి దుబాసీని పెడితే చాలు. పదేళ్ళ కూతుర్ని తల్లి మాటలకి దుబాసీగా కూర్చోబెట్టకండి. భర్తనీ మేస్త్రీనీ కూడా. దుబాసీగా వచ్చిన మనిషిని ముందు పది నిమిషాలు పక్కకి తీసుకుని చెప్పాలి: ఆమె "నేను" అంటే నువ్వూ "నేను" అనే చెప్పు, బాగుచెయ్యకు, కలపకు, తగ్గించకు, అర్థం కాకపోతే ఆపు. మన ప్రశ్న ఒక వాక్యం దాటకూడదు. చూపు ఆమె మీదే ఉండాలి, దుబాసీ మీద కాదు.

ఈ పనంతటికీ కాలం కలిసొచ్చే రోజులు రెండున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, గుజరాత్ బోట్లకీ వానాకాలం విరామం ఆ వెనకే వస్తుంది. పల్లెలో మగవాళ్ళు ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ మాట్లాడతారు. రెండోది సంక్రాంతి. కట్టడాల పనివాళ్ళూ సెలవు దొరికిన గల్ఫ్‌వాళ్ళూ ముక్కనుమ దాకా ఉంటారు. విజయనగరం వైపు పైడితల్లి సిరిమాను జాతరకీ కొందరొస్తారు. పండగ రోజు కాదు, ముక్కనుమ నాటి పొద్దున వెళ్ళండి. బడి గదిలో మానసిక ఆరోగ్య శిబిరం అని బ్యానరు కడితే ఒక్కడు రాడు. బీపీ, షుగరు చూస్తామని బల్ల వేసి, పక్కగదిలో ఒక కుర్చీ, జీడిపిక్కలు పెట్టుకోండి. తిరిగి రైలెక్కేలోపు మాత్రలు అయిపోకుండా వచ్చే సెలవు దాకా సరిపడా రాయించడం, అక్కడ చూపించుకోవలసిన ఆసుపత్రి పేరు డాక్టరు చీటీ వెనక రాయించడం, ఆ చీటీ ఫోటో భార్య ఫోనులో కూడా ఉంచడం, ఈ మూడూ ఆ పొద్దునే అయిపోవాలి. మధ్యాహ్నానికి సంచులు సర్దేస్తారు.